స్కూటీ డిక్కీలో నాయనమ్మ

మా అక్క హ్యూస్టన్‌లో ఉంటుంది. కిందటేడు దీపావళి రోజుల్లో ఓ అర్ధరాత్రి, అంటే వాళ్లకి మధ్యాహ్నం, వాట్సాప్‌లో వరసగా పదిహేడు ఫొటోలు పంపింది. అన్నీ బొంతలే. గోడలకి వేలాడదీసిన బొంతలు, వాటి మీద లైట్లు, పక్కన చీటీ మీద కుట్టినవాళ్ల పేరు, ఊరు. ముందు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్న జనం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరనాళ్లంత జనం. హ్యూస్టన్‌లో ఏటా ఆ రోజుల్లో అంతర్జాతీయ క్విల్ట్ ఫెస్టివల్ జరుగుతుంది. ఆఫీసులో ఓ పెద్దావిడ లాక్కెళ్లిందట మా అక్కని.

పద్దెనిమిదో మెసేజ్ ఫొటో కాదు. "నాయనమ్మ బొంత ఉందా ఇంట్లో?" అని అడిగింది.

చూశాను. చూసినట్టు తనకి నీలం టిక్కులు పడ్డాయని కూడా తెలుసు. జవాబివ్వకుండా ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను. ఎందుకంటే ఆ బొంత ఎక్కడుందో నాకు బాగా తెలుసు. ఓ పెద్ద ముక్క నా స్కూటీ డిక్కీలో ఉంది. వానాకాలం సీటు తుడవడానికి బాగుంటుందని చించింది నేనే.

మాది మునేరు పక్క ఊరు, నందిగామకి దగ్గర. కృష్ణా జిల్లా అనగానే కాలవలు, కొబ్బరి చెట్లు, చేపల చెరువులు గుర్తొచ్చేవాళ్లకి మా వైపు కొత్తగా ఉంటుంది. జగ్గయ్యపేట, నందిగామ అంటే మెట్ట. నల్లరేగడి, పత్తి, మిరప, ఇంకాస్త పైకి పోతే సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. 2022 ఏప్రిల్ నుంచి మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు గానీ, శుభలేఖ మీద ఇంకా 'కృష్ణా జిల్లా' అనే వేయించే పెద్దాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

మిరపకాయలు కల్లాల మీంచి లేచాక, పత్తికట్టె పీకేశాక, ఆడవాళ్లకి కాస్త ఖాళీ చిక్కేది ఎండాకాలం మధ్యాహ్నాలే. అప్పుడు బొంత మొదలయ్యేది. ఇప్పుడైతే ఆటోలో కుట్టుమిషను పెట్టుకుని మైకులో పిలుచుకుంటూ వీధిలోకి వస్తున్నారు, పాత చీరలిస్తే అక్కడికక్కడే కుట్టిచ్చి పోతున్నారు. నాయనమ్మ లెక్క వేరు. ముందు బాగా మెత్తబడ్డ నూలు చీర వసారాలో పరుస్తుంది. దాని మీద చిరిగిన పంచెలు, చొక్కాలు, లంగాలు. ఎక్కడ పల్చనైతే అక్కడ ఇంకో పొర. పైన మళ్లీ కాస్త గట్టిగా ఉన్న చీర. గుడ్డ జరక్కుండా నాలుగు మూలలా రాళ్లు పెడుతుంది. ఇక పెద్ద సూదితో అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ, వేలెడు ఎడంలో వరస వెనక వరస. బొంత మీదే కూర్చుని కుడుతూ కుడుతూ వెనక్కి జరుగుతుంది, వరి నాట్లేసేవాళ్లలాగా. పాలిస్టర్ చీరలు మాత్రం దగ్గరికి రానిచ్చేది కాదు. "చలికి చల్లగా తగులుద్ది, ఎండకి ఒళ్లు మండిద్ది. అదేం గుడ్డ?" అనేది.

ఒక్కతే కుట్టేది కాదు. పక్కింటత్త ఓ మూల, పెద్దమ్మ ఇంకో మూల కూర్చునేవాళ్లు. ఎవరి కోడలు పుట్టింటికెందుకు పోయింది, ఎవరింట్లో ఎంత అప్పుంది, ఎవరికి ఎన్నో నెల - మగవాళ్ల ముందు నోట రాని ముచ్చట్లన్నీ ఆ గుడ్డ చుట్టూ నడిచేవి. పిల్లలం దగ్గరికెళ్తే "సూదులున్నయ్యి, పోండే" అని తరిమేవాళ్లు. సూదుల కోసం కాదని చాలా ఏళ్లకి అర్థమైంది.

అమెరికాలో దీనికి పేరుంది. క్విల్టింగ్ బీ. ఊళ్లో ఆడవాళ్లంతా ఒకింట్లో చేరి ఒక్క క్విల్టు పూర్తి చేసి లేవడం. క్విల్టు అంటే పైన ముక్కల గుడ్డ, మధ్యలో దూది, అడుగున ఇంకో గుడ్డ, మూడింటినీ కలిపి కుట్టేసేది. అక్క పంపిన మొదటి ఫొటో కింద రాసిన మాట కూడా అదే: "మన బొంతే కదే ఇది!"

మన బొంతేనా అని నాకూ అనుమానం పట్టుకుంది. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతుకుతూ పోతే గీస్ బెండ్ దగ్గర ఆగాను.

అలబామా రాష్ట్రంలో విల్‌కాక్స్ కౌంటీ. అక్కడ అలబామా నది గుర్రపు లాడంలా వంపు తిరుగుతుంది. ఆ వంపు లోపల మూడువైపులా నీళ్లతో ఉన్న ఊరు గీస్ బెండ్. ఆ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు. నేను మనుషుల రంగు చూసి పెట్టిన పేరనుకున్నాను. తర్వాత ఆ అర్థమూ కలిసింది గానీ, మొదట పెట్టింది మట్టి రంగు చూసి. నల్లమట్టి. పండేది పత్తి. మా ఊరి గురించి చదువుతున్నట్టే ఉంది.

అక్కడి నల్లజాతి కుటుంబాలు ఆ పత్తితోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ల సంతతి. 1845లో ఆ తోట పెట్‌వే అనే యజమాని చేతికొచ్చింది. బానిసలకి అతని ఇంటిపేరే అంటుకుంది. అందుకే ఇప్పటికీ ఆ ఊళ్లో చాలామంది పెట్‌వేలే, ఒకరికొకరు చుట్టాలు కాకపోయినా సరే. బానిసత్వం పోయాక అదే నేలలో కౌలుకి చేశారు, అప్పు మీద. 1932లో వాళ్లకి అప్పు పెట్టే షావుకారు చనిపోతే, అతని భార్య బాకీల కింద ఇళ్ల మీదకి మనుషుల్ని పంపింది. కోళ్లు, పశువులు, పనిముట్లు, దాచుకున్న తిండిగింజలు, దాదాపు 60 కుటుంబాల దగ్గర ఉన్నదంతా పట్టుకుపోయారు. పత్తి రైతు అప్పు గురించి మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

అలాంటి ఇళ్లలో కుట్టారు ఆ క్విల్టుల్ని. చెక్క సందుల్లోంచి గాలి కొట్టే గుడిసెలు. అందం సంగతి తర్వాత, ముందు పిల్లలు చలికి చావకూడదు. మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సు ప్యాంట్లు, పొలం చొక్కాలు, ఎరువుల సంచులు, లోపలికి జిన్నింగ్ మిల్లులో నేల మీద ఊడ్చిన పత్తి. నాయనమ్మ బొంతలో కూడా ఒక మూల విత్తనాల గుడ్డసంచి ఉండేది, అచ్చు మాసిపోయి. అమెరికాలోనైతే 1930ల కరువు రోజుల్లో పిండిసంచులు, దాణాసంచులు తయారుచేసే కంపెనీలే వాటి మీద పూలు అచ్చేసి అమ్మాయి. ఆడవాళ్లు ఎలాగూ వాటితో గౌన్లు కుడుతున్నారని తెలిసి. వ్యాపారం తెలివి వ్యాపారానిది.

గీస్ బెండ్ క్విల్టుల్లో 'హౌస్‌టాప్' అని ఒక రకం ఉంది. మధ్యలో చదరం, దాని చుట్టూ పట్టీలు, మళ్లీ చుట్టూ పట్టీలు, పైనుంచి ఇంటికప్పుని చూసినట్టు. ఇంకోటి ఒట్టి నిలువు పట్టీలదే. దాన్ని 'లేజీ గాల్' అంటారు, సోమరిపిల్ల అని. మా నాయనమ్మ వింటే ఆ పిల్లెవరో కనుక్కుని మరీ తిట్టేది.

అన్నిట్లో నన్ను పట్టేసింది 1942 నాటి క్విల్టు. మిజూరీ పెట్‌వే అనే ఆవిడ భర్త జబ్బుచేసి పోయాడు. ఆవిడ అతని పొలం బట్టలన్నీ తీసి, ముక్కలు చేసి, కూతురితో కలిసి ఒక క్విల్టు కుట్టింది. అతన్ని గుర్తుంచుకోడానికి, దాని కింద పడుకోడానికి. మోకాళ్లు నేలకానించి పనిచేసిన చోట నీలిరంగు వెలిసిపోయి ఉంటుంది. జేబు పీకేసిన చోట మాత్రం ముదురుగా, కొత్తగా ఉంటుంది. ఆ మనిషి ఫొటో నేను చూడలేదు. కానీ అతని మోకాళ్లు ఎక్కడ ఉండేవో తెలిసిపోయింది.

1960ల్లో ఆ ఊరివాళ్లు నది దాటి క్యామ్‌డెన్ అనే పట్నానికి వెళ్లి ఓటరుగా పేరు రాయించుకోవాలని చూశారు. 1962లో నది మీద ఫెర్రీ ఆగిపోయింది. పడవెక్కితే నిమిషాల దూరం, రోడ్డు మీద 40 మైళ్లు అయింది. మా జగ్గయ్యపేట దగ్గర ముక్త్యాల రేవులో బల్లకట్టు ఆగిన రోజు అవతలి ఒడ్డున మాదిపాడు కళ్లముందే కనిపిస్తూ ఎంత దూరమైపోతుందో తెలిసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. మాకు వరదొస్తే ఆగుతుంది, తగ్గాక నడుస్తుంది. వాళ్లకి మళ్లీ ఫెర్రీ నడిచింది 2006లో. 44 ఏళ్ల తర్వాత.

ఈ మధ్యలో, 1966లో, అక్కడి ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకున్నారు. ఓటు అడిగినందుకు కౌలు పోయినవాళ్లకి, పని పోయినవాళ్లకి సూదే జీతమిచ్చింది. 2002లో ఆ క్విల్టుల్ని మ్యూజియంలో పెట్టారు. మొట్టమొదట ఎక్కడో తెలుసా? హ్యూస్టన్‌లో. తర్వాత న్యూయార్క్. చూసిన విమర్శకులు మోడరన్ పెయింటింగుల పక్కన పెట్టి మాట్లాడారు. 2006లో పది క్విల్టుల బొమ్మలతో అమెరికా పోస్టల్ స్టాంపులు కూడా వచ్చాయి.

అంతా శుభం అనుకోకండి. మరుసటేడే కొందరు కుట్టినవాళ్లు, తమ క్విల్టుల మీద, డిజైన్ల మీద వచ్చిన డబ్బులో తమ వాటా రాలేదని కోర్టుకెక్కారు. ఆ కేసులు 2008లో రాజీ అయ్యాయి. గోడకెక్కిన గుడ్డ ఎవరిదన్న ప్రశ్న మాత్రం అక్కడితో అయిపోయేది కాదు.

ఇంకో సంగతి చదివాక మాత్రం కాస్త ఊపిరాడింది. మ్యూజియం వాళ్లు రాకముందు ఆ ఊళ్లోనే పాత క్విల్టులకి నిప్పంటించి దోమలకి పొగ పెట్టేవాళ్లట. అంటే స్కూటీ తుడిచిన పాపం నా ఒక్కదానిదే కాదన్నమాట. అక్కకి ఏం చెప్పాలో అప్పటికీ తెలీలేదు గానీ, ఈ ఒక్క పాయింట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

నిజానికి మన గుడ్డకీ అమెరికా క్విల్టుకీ చుట్టరికం చాలా పాతది. మచిలీపట్నం నుంచి గోల్కొండకి పోయే పాత దారి మా మెట్ట మీదుగానే, నందిగామ, పెనుగంచిప్రోలు దాటుకుంటూ వెళ్లేది. మన తీరంలో అద్దిన పూల గుడ్డలు ఓడలెక్కి యూరప్‌కి, అక్కణ్నుంచి అమెరికాకి చేరాయి. వాళ్లు చింట్జ్ అనేది మనం చీటిగుడ్డ అనేదే. 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో అమెరికా తూర్పుతీరం కలవారిళ్లలో ఈ చీటిగుడ్డ మీది పువ్వుల్ని, పిట్టల్ని జాగ్రత్తగా కత్తిరించి, తెల్లగుడ్డ మీద పెట్టి కుట్టి, దాన్ని క్విల్టుగా చేసుకోవడం ఓ ఫ్యాషన్. బ్రోడరీ పెర్స్ అని ఫ్రెంచి పేరు. పెర్షియా కుట్టుపని అని అర్థం. పువ్వు ఇండియాది, కుట్టు అమెరికాది, పేరు పెర్షియాది. అద్దినవాడి పేరు అడక్కండి.

పేరు దగ్గరే నేను ఇరుక్కుపోయాను.

అక్క పంపిన ఫొటోల్లో ప్రతిదాని పక్కనా పేరుందన్నాను కదా. ఆ అలవాటు వాళ్లకి మొదట్నుంచీ ఉన్నట్టుంది. పూర్వం అక్కడి ఆడపిల్లలకి సూదిపని నేర్పేటప్పుడు ఒక గుడ్డ మీద అక్షరాలు, అంకెలు, అంచులు కుట్టించేవాళ్లు. శాంప్లర్ అంటారు. చాలామంది పిల్లలు చివర్లో తమ పేరు, వయసు, ఏడాది కూడా కుట్టేవాళ్లు. అమెరికాలో కుట్టినవాటిలో ఇప్పటికి మిగిలిన అన్నింటికంటే పాతది ప్లిమత్‌లో లోరా స్టాండిష్ అనే అమ్మాయిది, సుమారు 1653 నాటిది. పెద్దగా బతకలేదు పాపం, చిన్న వయసులోనే పోయింది. కానీ ఆ పేరు ఆమె దారంతో ఆమె రాసుకున్నదే. దాదాపు 370 ఏళ్ల తర్వాత నందిగామలో మంచం మీద పడుకుని నేను చదివాను.

1987లో పేర్లు ఇంకోరకంగా పనికొచ్చాయి. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల గురించి నోరెత్తడానికి కూడా జనం జంకే రోజులు. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్ అనే కార్యకర్త మొదలుపెడితే, పోయినవాళ్ల ఆత్మీయులు ఒక్కొక్కరి పేరుతో ఒక్కో గుడ్డ కుట్టారు. వెడల్పు మూడడుగులు, పొడవు ఆరడుగులు. సమాధి కొలత. ఆ అక్టోబరులో వాషింగ్టన్‌లో పార్లమెంటు ముందరి మైదానంలో 1,920 గుడ్డలు పరిచారు. ఇప్పుడవి దాదాపు 50 వేలు.

మరి మన వైపు సూదిపని చేసినవాళ్ల పేర్లేవి?

మా దగ్గర సూదిపని అంటే నాకు మొదట గుర్తొచ్చేది లంబాడీ ఆడవాళ్లు. అటు కోదాడ వైపు తండాల నుంచి, ఇటు తిరువూరు, ఎ.కొండూరు వైపు నుంచి జగ్గయ్యపేట బజారుకి వచ్చేవాళ్లు. అద్దాల కాంచళి, కుచ్చుల ఫేటియా, నెత్తి మీద గవ్వలూ బిళ్లలూ కుట్టిన టుక్రి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన వ్యాపారులు వాళ్లు. రైలొచ్చి ఆ బతుకుని దెబ్బకొట్టింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద కొన్నిచోట్ల నేరస్థులన్న ముద్ర కూడా పడింది. సొంత ఊరంటూ లేకుండా తిరిగిన జనానికి ఆ రవికే చిరునామా. ఇప్పుడు తండాల్లో అది కట్టేది ముసలమ్మలే, వాళ్ల మనవరాళ్లు మనలాగే కుర్తీల్లో ఉన్నారు. తప్పేం లేదు, ఎండలో అంత బరువు ఎవరు మోస్తారు? కర్ణాటకలో బళ్లారి దగ్గర సండూరులో మాత్రం ఆ కుట్టునే నమ్ముకుని ఆడవాళ్లు కళాకేంద్రంలో పనిచేస్తున్నారు. 2010లో 'సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ'కి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరు ఉంది, జాతి పేరు ఉంది. మంచిదే.

పశ్చిమ గోదావరి వైపు నరసాపురం లేసు ఉంది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన అల్లిక, వేలమంది ఆడవాళ్ల చేతుల్లో బతికి విదేశాలకి ఎగుమతయింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడికొచ్చి చూసి 1982లో ఒక పుస్తకం రాశారు. రోజంతా అల్లుతున్నా వాళ్లని పనివాళ్లని ఎవరూ అనరు, 'ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటారు' అంటారు, అలా అనడం వల్లే కూలి అంత తక్కువ - ఆవిడ చెప్పిన విషయం స్థూలంగా ఇదీ. మా వసారాలో ఆ ముగ్గురు ఆడవాళ్లు కూడా 'ఖాళీగా' ఉన్నవాళ్లే కదా అనిపించింది నాకు.

ఇక ఇప్పటి మాట అయితే మగ్గం వర్కు. నందిగామ బజారులో నాలుగడుగులేస్తే ఒక బోర్డు. చట్రానికి గుడ్డ బిగించి, చుట్టూ కూర్చుని, ఆరీ సూదితో పూసలు, కుందన్లు, జర్దోసీ. పోయిన ఏడాది మా చిన్నాన్న కూతురి పెళ్లికి రవిక ఇచ్చాం. డిజైను ఇన్‌స్టాగ్రామ్ లోది. అదే డిజైను డాలస్‌లో మా వదిన రవిక మీదా ఉంది, కొలతలు వాట్సాప్‌లో పంపి విజయవాడలో కుట్టించుకుంది. కుట్టిన కుర్రాడు ఎక్కడో బెంగాల్ నుంచి వచ్చినవాడు. చాలా బాగుంది, కాదనను. ఏ ఊరిదో మాత్రం ఎంత చూసినా చెప్పలేం. పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు చేతుల మీద కుట్టించుకోవడం కూడా వచ్చింది. ఆ కుర్రాడి పేరు మేమూ అడగలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చింది.

పొద్దున్నే డిక్కీ తెరిచాను.

నాయనమ్మ పోయాక, ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి నందిగామలో అద్దెకి దిగేటప్పుడు, ఆ బొంతని గ్రైండరుకి చుట్టాం. గ్రైండరు భద్రంగా వచ్చింది. అంతకుముందే అక్క ఎమ్మెస్‌కి వెళ్లేటప్పుడు దానికో అవకాశం వచ్చింది. రెండు సూట్‌కేసులు, ఒక్కోదానికి 23 కిలోలు. "అక్కడ చలంట" అని అమ్మ బొంత పెట్టింది. తూకంలో మూడు కిలోలు ఎక్కువొచ్చింది. బొంతా, ఆవకాయా అని ప్రశ్న వచ్చినప్పుడు అక్క బొంత తీసేసింది. నేనైనా అదే చేసేదాన్ని. అలా మిగిలిన బొంత అటక మీదకి, అటక మీంచి నా చేతికి.

డిక్కీలో ముక్కని చూస్తే ఏడుపొచ్చింది. పెట్రోలు వాసన, ఆయిలు మరక. మిగతా ముక్క కూలరు కింద దొరికింది, నీళ్లు కారకుండా వేసినట్టున్నారు. రెండూ తెచ్చి వాకిట్లో పరిచాను. అమ్మ చీపురు పట్టుకుని వచ్చి, "పొద్దున్నే ఇదేందే, ఆ మసిగుడ్డలతో?" అంది.

అక్క మెసేజ్ చూపించాను. ఫొటోలు చూపించాను. గీస్ బెండ్ కథ చెప్పాను. అమ్మ ఫొటోల్ని వేళ్లతో పెద్దవి చేసి చూసింది. మిజూరీ పెట్‌వే భర్త సంగతి చెప్పినప్పుడు ఏమీ అనలేదు. కాసేపయ్యాక చీపురు పక్కన పెట్టి, కింద కూర్చుని, ఆ ముక్కల్ని మోకాళ్ల మీదకి లాక్కుంది.

"ఇది నువ్వు పుట్టకముందు నేను కట్టిన చీర. నందిగామ ఆసుపత్రికి ఇదే కట్టుకుపోయా, మీ అక్క కడుపులో ఉన్నప్పుడు. ఇది మీ బాబాయి స్కూలు నిక్కరు, ఖాకీది. ఇది మీ అత్త ఓణీ. పెళ్లయ్యాక మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడే వదిలేసి పోయింది." వేళ్లు కుట్ల మీద పోతున్నాయి. ఒక అంచు దగ్గర ఆగి నవ్వింది. "ఇది మీ నాయనమ్మ కుట్టింది కాదు. నాది. చూడు, పాములాగా పోయింది. కాపరానికొచ్చిన ఏడాది నన్ను కూర్చోబెట్టింది. సగం కుట్టాక చూసి, 'లే అమ్మా, నువ్వు పొయ్యి దగ్గరికి పో' అంది."

మిగతా వరసలు తాడు పట్టి గీసినట్టున్నాయి. నూనె మరక కింద కూడా.

పేరేమైనా కుట్టేదా నాయనమ్మ, ఎక్కడైనా, మూలల్లో, అని అడిగాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "బొంత మీద పేరెందుకే? అయినా ఆమెకి అక్షరాలెక్కడివి?"

నిజమే. లోరా స్టాండిష్‌కి సూది, అక్షరం ఒకేసారి నేర్పారు. నాయనమ్మకి సూది ఒక్కటే నేర్పారు.

అమ్మ మాత్రం ఇంకా వెతుకుతోంది. పైపొర చిరిగిన చోట వేలు దూర్చి లోపలి గుడ్డని బయటికి లాగింది. తాతయ్య పంచె. పసుపురంగుకి తిరిగిపోయిన ఆ పంచె కొసన చిన్న నల్లటి గుర్తు ఉంది. రెండు చుక్కలు, పక్కన ఒక గీత.

"ఇదిగో, ఇదే మన పేరు" అంది.

జీడి గుర్తు. నల్లజీడి గింజని సూదితో పొడిచి, దాని రసంతో గుడ్డ మీద పెట్టే గుర్తు. పైన కాస్త సున్నం అద్దితే ఇక ఎన్ని ఉతుకులకీ పోదు. రేవులో ఊరందరి పంచెలూ ఒకటే తెలుపు కాబట్టి, మా ఊళ్లో బట్టలుతికిన పెద్దాయన ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు పెట్టుకున్నాడట. ఆయనకీ చదువు రాదు. ఊళ్లో అన్ని ఇళ్ల గుర్తులూ ఆయన తలలో ఉండేవట. మాది రెండు చుక్కలు, ఒక గీత. ఈ సంగతి ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫొటో తీసి అక్కకి పంపాను. బొంత చిరిగిన సంగతి, చించింది నేనేనన్న సంగతి, డిక్కీ సంగతి, అన్నీ వాయిస్ మెసేజ్‌లో చెప్పేశాను. గీస్ బెండ్ దోమల స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను, ముందు జాగ్రత్తగా. అక్కడ రాత్రి అయిపోతోంది. చాలాసేపు జవాబు లేదు. తర్వాత తిట్లు వచ్చాయి, ఇక్కడ రాయను. ఆ తర్వాత వీడియో కాల్ చేసింది.

"అమ్మా, రెండు ముక్కలూ కలిపి కుట్టొచ్చా?"

"కుట్టొచ్చు. అతుకు కనపడుద్ది."

"కనపడనీ."

"ఆయిలు మరక పోదే."

"పోకపోతే పోనీ. నువ్వు కుట్టు. చెల్లితో కూడా కుట్టించు."

అమ్మ నా వైపు చూసింది. సూదిలో దారం ఎక్కించడం వచ్చా అని అడిగింది. బొత్తాం కుట్టుకోవడం వచ్చు అన్నాను. అదీ కొంతవరకే. అమ్మ లేచి లోపలికెళ్లి, కుట్టుడబ్బా అంటే బిస్కెట్ల డబ్బానే, దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది.

నా వరస అమ్మ వరస కంటే వంకరగా వచ్చింది. "పొయ్యి దగ్గరికి పో" అంటుందేమోనని చూశాను. అనలేదు. మా ఇంట్లో ఇప్పుడున్నది ఇండక్షన్ స్టవ్.